పడవ బాగగు వరకు

(వారపు సభలో చేసిన ప్రసంగ పాఠము)



2024వ సంవత్సరము ఫిబ్రవరి నెలలో మేము ఆరుగురము ముంబాయినుండి గోదావరి సాగరసంగమమునకు వెళ్ళి వచ్చితిమి. ఆ ప్రయాణమును గూర్చి నాలుగు మాటలు చెప్పుడని మిత్రులు కోరిరి. క్షేత్రములను వర్ణించి మిమ్ములను మెప్పింపగల శక్తి మాకు లేదు. చూచినవియు విస్తారము కావు. పోవలసిన చోటికి పోవుచుండగా పడవ చెడిపోయినది. అది బాగగు వరకు ఒక పగలును, ఒక రాత్రియు యానాములో నిలిచిపోతిమి. ఆ ఒక్కదినమున చూచినది, విన్నది, సిగ్గుపడినది మీకు విన్నవించుటయే మా ఉద్దేశము.

మేము వెళ్ళినది వినోదమునకు గాదు. మా వాడలోని ఒక పెద్దాయన అస్థికలను సముద్రమున కలుపుటకు వెళ్ళితిమి. మీలో పలువురాయన నెరుగుదురు గనుక పేరు చెప్పనక్కరలేదు. పన్నెండేండ్ల ప్రాయమున కామాఠీపురమునకు వచ్చెను. పందొమ్మిదవ యేట రేవులో పనికి కుదిరి ముప్పదియైదేండ్లు ఓడల తుప్పు గీకెను. చిప్పింగు పని యని రేవువారందురు. 1914లో అలెగ్జాండ్రా డాక్కుతోపాటు కట్టిన హ్యూస్ డ్రైడాక్కు మన ముంబాయిలో నున్నది గదా. ఓడను అందులోనికి తెచ్చి, తలుపు బిగించి, నీరు తోడివేసినచో, వేయి అడుగుల పొడవుగల ఆ గోతిలో ఓడ అడుగుభాగము బయటపడును. దానికి పట్టిన నాచును, గుల్లలను, తుప్పును సుత్తులతో కొట్టి గీకి, పిదప రంగు వేయవలెను. త్రాళ్ళకు వ్రేలాడు పలకపై కూర్చుండి ప్రొద్దంతయు చేయు పని యది. ఇనుముపై ఇనుము మ్రోగి చెవులు దిమ్మెక్కును. ఆయన చివరి యేండ్లలో సగము చెవిటివాడగుటకు కారణ మదియే. "లోకంల ఓడలన్నిటి అడుగులు చూసిన. ఒక్క ఓడ గూడ ఎక్కలే" అని నవ్వుచుండెడివాడు.

ఆయన జీవితములో మరియొక మరమ్మతు కథ కూడ కలదు. కామాఠీపురములో వారుండిన చాల్ పాతబడి, కూలునేమో యను భయము కలిగినపుడు, ఖాళీ చేయుడని నోటీసు వచ్చినది. మరమ్మతు అగు వరకు అని చెప్పి వారిని తాత్కాలికపు గదులకు పంపిరి. ఆ 'వరకు' ఎన్నడును ముగియలేదు. రెండేండ్లన్నది ఇరువదేండ్లయినది. తుదకు ఉన్నదెల్ల ఊడ్చి ధారావిలో ఒక ఖోలీ కొనుక్కొని అచ్చటనే కాలము వెళ్ళబుచ్చిరి. ఇట్టి కథ ఈ సభలో ఎన్ని కుటుంబములకు లేదు? ధారావిలో ఒక పేటకు ట్రాన్సిట్ క్యాంపు అన్నదే స్థిరమైన పేరుగా నిలిచిపోయినది. తాత్కాలికమను మాట చిరునామాగా మారుట ఈ నగరమునందే చెల్లినది.

పోవుటకు ముందు ఆయన ఒక్క కోరిక కోరెను. "నన్ను మాహిం ఖాడీల కలుపకుండ్రి. గోదారి సముద్రంల కలిసేకాడ కలుపుండ్రి." ఆయన పుట్టినది గోదావరి దిక్కున ధర్మపురి వైపని మాత్రము మేమెరుగుదుము. కొడుకు ముందే పోయినందున కర్మ చేయు భారము మనుమనిపై పడినది. అతడు ధారావిలో పుట్టి పెరిగిన ఇరువది నాలుగేండ్ల యువకుడు. తెలుగు చక్కగా మాటలాడును గాని చదువనేరడు. కోడలు షోలాపురపు తెలుగింటి ఆడపడుచు. వారిరువురును, ఇరుగుపొరుగువారమైన మేము నలుగురమును కోణార్క ఎక్స్‌ప్రెస్‌లో బయలుదేరి, సామర్లకోటలో దిగి, మరునాటి యుదయమునకు యానాము రేవు చేరితిమి.

గౌతమీ గోదావరినుండి కోరంగి యేరు చీలు చోట యానామున్నది. అచ్చటనుండి సముద్రము సుమారు 9 కిలోమీటర్లు. గోదావరిని సప్తర్షులు ఏడు పాయలుగా తెచ్చిరని పెద్దలు చెప్పుదురు. వానిలో గౌతమి యొకటి, కోరంగి వైపు పోవు ఆత్రేయ యొకటి. ఏడు ముఖములందును స్నానము చేయు సప్తసాగర యాత్ర ఆ ప్రాంతమువారికి నేటికిని ఆచారము. మా కోరిక అంత పెద్దది గాదు. గౌతమీముఖము ఒక్కటే చాలుననుకొంటిమి.

రేవులో ఒక ఇంజనుపడవ మాటలాడుకొంటిమి. పురోహితులు వచ్చి మెట్లపై కూర్చుండి చిన్న పుస్తకమొకటి తీసిరి. వచ్చిపోవువారి వివరములు వ్రాసియుంచుట వారింట తండ్రినాటినుండి అలవాటట. గోత్రము చెప్పితిమి, పేరు చెప్పితిమి. "ఊరేదండి?" అని అడిగిరి. మనుమడు తడుముకొనక "ధారావి" యనెను.

"అది ఉంటున్న ఊరు బాబూ. తాతగారు పుట్టిన ఊరేదండి?"

మనుమడు తల్లి ముఖము చూచెను. తల్లి మా ముఖములు చూచెను. మేము ధర్మపురి దగ్గరనంటిమి. "దగ్గర అంటే ఏ ఊరండి?" అని వారు కలము పట్టుకొని వేచియుండిరి. ఆరుగురిలో ఒక్కరికిని తెలియలేదు. నలువది యేండ్లు ఒక గోడ కిరుప్రక్కల బ్రతికిన మేమును ఆ మాట ఎన్నడు నడిగినవారము కాము. పురోహితులు నొచ్చుకొనకుండ, "సంగమం దగ్గర చెబుదురుగాని లెండి" అని ఆ చోటు ఖాళీగా విడిచి పుస్తకము మూసిరి. ఆ ఖాళీ చోటు మా మనస్సులో ముల్లువలె నాటుకొన్నది.

పడవ అరగంట నడిచినది. ఉన్నట్టుండి ఇంజను మూలిగి ఆగినది. నీటిలో తేలుచున్న పాతవల యొకటి పంకాకు చుట్టుకొని దాని ఇరుసును వంచివేసినదని సరంగు చెప్పెను. వెనుకనుండి వచ్చిన చేపలపడవవారు త్రాడు వేసి మమ్ములను మరల రేవునకు లాగుకొనివచ్చిరి. ఇరుసు కాకినాడ పంపి సరిచేయింపవలెను. అడుగుపలక యొకటి కూడ అదరి, సందులో నీరు ఊరుచున్నది. "ఆయ్, ఈయాల్టికి అవదండి. రేపు తెల్లారగట్ల ఆటులో ఎల్లిపోదామండి" అని సరంగు చేతులు నలుపుకొనెను. మరియొక పడవ చూచుకొందుమా యని మేము తర్కించుకొంటిమి. కాని అతడు బయానా తిరిగి ఇచ్చివేయుటకు సిద్ధపడి, తలవంచి నిలుచుండుట చూచి మాకు వదలి పోబుద్ధి కాలేదు. పడవ యజమాని వేరొకడనియు, కూలి మాత్రమే ఆతనిదనియు తరువాత తెలిసినది. వేచియుండుటకే నిశ్చయించితిమి.

అస్థికలున్న కుండను ఇంటిలోనికి గాని బసలోనికి గాని తీసికొనిపోరాదు గదా. రేవు ప్రక్కనున్న రావిచెట్టు కొమ్మకు దానిని కట్టి, ఇద్దరిద్దరు వంతులవారిగా క్రింద కూర్చుండుటకును, తక్కినవారు ఊరు చూచి వచ్చుటకును ఏర్పాటు చేసికొంటిమి.

ఇక ఊరి సంగతి. యానాము మనకు పరదేశమా, స్వదేశమా? వీధిలో ప్రతి నోటను తెలుగే. అదియు గోదావరి జిల్లాల తీపి తెలుగు. అయినను 1954వ సంవత్సరము వరకు అది ఫ్రెంచివారి ఏలుబడిలోని పరదేశపు రేవు. 1723లో వారచ్చట వర్తకస్థానము పెట్టి, కొంతకాలము విడిచి, 1731లో మరల స్థిరపడిరి. ఇంగ్లీషువారు యుద్ధము వచ్చినపుడెల్ల దానిని పట్టుకొనుట, సంధి కుదిరినపుడు తిరిగి ఇచ్చుట జరుగుచుండెడిది. చుట్టును ఇంగ్లీషు గోదావరి జిల్లా. నడుమ 30 చదరపు కిలోమీటర్లు కూడ మించని ఫ్రెంచి నేల. ఒక వీధిలో ఒక చట్టము, పొలముగట్టు దాటిన వెంటనే మరియొక చట్టము.

ఈ విచిత్రమువలన కలిగిన ఫలితములను ఊరి వృద్ధులు నేటికిని కథలుగా చెప్పుకొందురు. సుంకము లేని సీమసరకులకై చుట్టుప్రక్కల జనులు మంగళవారపు సంతకు పరుగెత్తి వచ్చెడివారట. 1929లో శారదా చట్టము వచ్చి ఇంగ్లీషు ఇండియాలో పదునాలుగేండ్లు నిండని బాలికలకు పెండ్లి చేయరాదనినపుడు, ఆ చట్టము చెల్లని యానామునకు పెండ్లివారు బండ్లు కట్టుకొని వచ్చిరి. ఆ కాలమున యానామునకు కల్యాణపురమను మారుపేరు కలిగినది. చట్టమునుండి తప్పించుకొనుటకు ఒక గట్టు దాటిన చాలునన్నమాట. ఇది యంత గర్వింపదగిన కీర్తి గాదని ఆ కథ చెప్పిన వృద్ధుడే యొప్పుకొని, "ఇప్పుడు పెళ్ళికి రారండి, సీసాకి వస్తారు" అని నవ్వెను. పన్నుల భేదము నేటికిని కొంత మిగిలియే యున్నది.

1954 జూన్ 13వ తేదీన దడాల రఫేల్ రమణయ్యగారి నాయకత్వమున స్వాతంత్ర్యవాదులు యానామును ఫ్రెంచి పాలననుండి విడిపించిరి. అదే యేడు నవంబరు 1వ తేదీనుండి అప్పటికి మిగిలిన ఫ్రెంచి స్థావరముల పరిపాలన భారత ప్రభుత్వము చేతికి వచ్చినది. 1956లో సంధిపత్రముపై సంతకములు జరిగినను, ఫ్రెంచి చట్టసభ ఆమోదము పొంది అది అమలులోనికి వచ్చునప్పటికి 1962 ఆగస్టు 16వ తేదీ యైనది. ఆ మీదట ఆరు నెలలలోపల, ఫ్రెంచి పౌరులుగా నుండగోరువారు వ్రాతపూర్వకముగా తెలుపవలెనను నిబంధన యుండెను. ఒక్క కాగితముపై వ్రాసిన ఒక్క మాటతో ఒక యింటివారు ఈ దేశీయులో ఆ దేశీయులో తేలిపోయిరి. కాగితమునకుగల బలము ధారావివారికి వేరుగ చెప్పనక్కరలేదు.

మమ్ములను ఎక్కువగా ఆలోచింపజేసిన సంగతి మరియొకటి. యానాము నేడు పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతములో చేరియున్నది. పుదుచ్చేరి పట్టణము అచ్చటికి ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరము. 2011 జనాభా లెక్కలలో యానాము జనసంఖ్య 55,626. అనగా తమిళులు అధికసంఖ్యాకులైన రాజ్యములో వారొక చిన్న తెలుగు అల్పసంఖ్యాక వర్గము, మనవలెనే. 1965నాటి అధికార భాషాచట్టము తమిళమును అధికార భాషగా పేర్కొనుచు, యానాములో తెలుగును, మాహేలో మలయాళమును వాడుటకు వీలు కల్పించినది. రెండు వందల యేండ్లకు పైబడి ఫ్రెంచి, ఆ పిమ్మట తమిళము, ఇంగ్లీషు పైనుండి పాలించినను ఆ ఊరి తెలుగు చెక్కుచెదరలేదు. ఎట్లు నిలిచినదని ఒక ఉపాధ్యాయునడిగితిమి. "నిలబెట్టాలని ఎవరూ ప్రత్యేకం ఏం చెయ్యలేదండి. ఇంట్లో మానలేదు, సంతలో మానలేదు, అంతే" అని ఆయన సమాధానము. మాటవరకు మనమును ఇంట్లో మానలేదు. మానినది అక్షరము. ఇది మా మనుమని జూచి మేము చెప్పుకొన్న మాట.

మధ్యాహ్నమున అడుగుపలక సరిచేయుటకు వడ్రంగిని పిలుచుకొనివచ్చుటకై సరంగు తాళ్ళరేవు పోవుచుండగా మాలో ముగ్గురమును ఆటోలో కూడ వెళ్ళితిమి. చెక్క ఓడలను కట్టు వడ్రంగుల పనితనమునకు తాళ్ళరేవు చిరకాలముగా పేరెన్నికగన్న ఊరు. ఒడ్డున బోర్లించిన నావ ప్రక్కన ఒక ముదుసలి వడ్రంగి పలకల సందులలో నూలుపీచు కూరి సుత్తితో దట్టించుచుండెను. మనుమడు ఆ సుత్తి దెబ్బలు వినుచు చాలసేపు నిలిచి, "తాత చేతిలోనిది గూడ గిట్లనే ఉండె" అనెను.

తాళ్ళరేవు దాటిన పిమ్మట కోరంగి. నేడది మడ అడవుల ఊరు. 1978లో ప్రకటించిన కోరంగి అభయారణ్యము 235 చదరపు కిలోమీటర్ల మేర వ్యాపించియున్నది. మడచెట్ల వేళ్ళు బురదనుండి పైకి మొలిచి నిలిచియుండును. వాని నడుమ నీటి పాయలు నిశ్శబ్దముగా నుండును. ఇది యొకప్పుడు ప్రపంచపటములో నావికులు వ్రేలుపెట్టి చూపిన రేవని చెప్పిన నమ్ముట కష్టము. కలకత్తాకును సింహళములోని త్రిన్కోమలికిని నడుమ పెద్ద ఓడలను డాక్కులోనికి చేర్చి బాగుచేయగల చోటు అదియొక్కటే యని పందొమ్మిదవ శతాబ్ది వ్రాతలు చెప్పుచున్నవి. తూర్పుతీరమంతయు కెరటముల తాకిడికి తెరచియుండును. కోరంగిలో మాత్రము నదీముఖపు నీరు నిలుకడగా నుండెడిది. గాలివానకు తెడ్లు విరిగిన నావలు, అడుగు చిల్లిపడిన ఓడలు, అచ్చటికి చేరి వేచియుండెడివి. దూరదేశపు కళాసీలు మన తెలుగు వడ్రంగుల చేతిపనికై వారములు, నెలలు ఎదురుచూచుచు ఆ సంతలలో తిరిగియుందురు. వారికి పరదేశపు రేవు కోరంగి. వారు వేచియుండిన రేవు మనది!

అయితే ఆ వైభవము నిలువలేదు. 1789 డిసెంబరులో ఒక ఉప్పెన, 1839 నవంబరు 25వ తేదీన మరియొక ఉప్పెన కోరంగిని ఊడ్చివేసినవి. హెన్రీ పిడింగ్టన్ అను ఆయన 1848లో నావికులకొరకు వ్రాసిన గ్రంథమున, చుట్టలు చుట్టుకొనివచ్చు ఇట్టి గాలివానకు 'సైక్లోన్' అని పేరు పెట్టెను. నేడు లోకమంతయు వాడుచున్న ఆ మాట పుట్టుకలో కోరంగి ఉప్పెనల పరిశీలనకును పాలున్నది. ఉప్పెనకు మిగిలినదానిని ఒండ్రు పూడ్చినది. వర్తకము కాకినాడకు తరలిపోయినది.

రేవు పోయినను పేరు పోలేదు. ఆ తీరమునుండి ఓడలెక్కి బర్మాకు పోయిన తెలుగువారిని అచ్చటివారు కొరంగీలు అనిరి. మారిషసులో కూడ తెలుగువారికి ఆ పేరే పడినది. 1828లోనే యానామునుండి తెలుగు కూలీలను హిందూ మహాసముద్రములోని ఫ్రెంచి ద్వీపము రీయూనియనుకు తీసికొనిపోయిరి. వారిలో ఎందరో ఒడంబడిక తీరు వరకే అనుకొని పోయినవారు. తిరిగిరాని వారి సంతతి ఆ ద్వీపములలో నేటికిని ఉన్నది. మన పూర్వులు మాత్రము ఓడ ఎక్కలేదు. తెలంగాణపు మెట్టపొలములనుండి కాలినడకను, తరువాత రైలునను పడమటి సముద్రపు రేవునకు వచ్చిరి. పదునెనిమిదవ శతాబ్ది చివరినుండి వారు స్థిరపడిన పల్లపు నేలకే కామాఠీపురమను పేరు వచ్చినది. వారు కొరంగీలు, మనము కామాఠీలు. రెండును ఇతరులు పెట్టిన పేర్లే. రెండిటను ఏ ఒక్కని ఊరిపేరును మిగులలేదు.

ఈ మాట అనుకొనుచు సాయంకాలము రావిచెట్టు క్రిందికి తిరిగి వచ్చితిమి. పడవ ఒడ్డున ప్రక్కకు వాలియున్నది. వడ్రంగి దీపము వెలుతురున పలక బిగించుచున్నాడు. ఇరుసు కాకినాడనుండి రాలేదు. అప్పుడు మనుమడు ఉన్నట్టుండి, "ముసలమ్మకు ఫోను చేద్దాం" అనెను. ముసలమ్మ యనగా పెద్దాయన చెల్లెలు. ఎనుబదేండ్ల వృద్ధురాలు, నేటికిని కామాఠీపురములోనే యున్నది. చెవి సరిగా వినబడదు గనుక ఆమెతో ఫోనులో మాటలాడు అలవాటు ఎవరికిని లేదు. ప్రక్కయింటి పిల్లచేత ఫోను ఆమె చెవియొద్ద పెట్టించి, మనుమడు మూడుమారులు బిగ్గరగా అరిచెను. రేవులోనివారందరు తిరిగి చూచిరి.

నాలుగవమారు ఆమెకు వినబడినది. "ఊరా? రాయపట్నం బిడ్డా! మీ తాత జెప్పలేదా? ధర్మపురి అవుతల, గోదారి ఒడ్డుకే ఉంటది. మా నాయిన పడవ నడిపేటోడు. ఇవుతలొడ్డు మందిని అవుతలొడ్డుకు దాటేసేటోడు. ఒకపారి ఏరు బాగొచ్చి పడవ పగిలింది. బాగు చేపియ్య పైసల్లేక, బొంబాయిల ఓ ఏడాది కూలి చేసి వస్తమని ఎల్లినం. పడవ ఒడ్డుకే ఉండె. తాళ్ళు గట్టి వచ్చినం."

ఆమె మరల మరల "తాళ్ళు గట్టి వచ్చినం" అనుచునే యుండెను. మనుమడు ఫోను చెవినుండి తీయలేదు. మేమెవ్వరమును మాటలాడలేదు. ఓడల అడుగులు గీకి జీవితము గడపిన మనుష్యుడు ఒక పడవవాని బిడ్డ యని ఆ రాత్రి మాకు తెలిసినది. ఒక పడవ మరమ్మతునకై వచ్చిన కుటుంబము డెబ్బదేండ్లకు పైగా మరలి పోలేదు. మా పడవ చెడియుండనిచో మేమీ మాట ఎన్నటికిని వినియుండము. ఆ ముసలమ్మ పోయినచో చెప్పువారును ఉండరు.

ఇరుసు రాత్రి తొమ్మిది గంటలకు వచ్చినది. తెల్లవారుజామున ఆటు మొదలు కాగానే బయలుదేరితిమి. భైరవపాలెము దాటిన పిమ్మట నదికి ఒడ్డులు దూరమై, నీటి రంగు మారి, ఎదుట సముద్రము కనబడినది. సరంగు ఇంజను ఆపెను. పురోహితులు పుస్తకము విప్పి ఖాళీ చోటు చూపిరి. "రాయపట్నం, ధర్మపురి దగ్గర" అని మనుమడు చెప్పెను. వారు వ్రాసిరి. అతడు వంగి చూచి, "ఇందులో ఊరి పేరేది?" అని అడిగెను. పురోహితులు వ్రేలు పెట్టి చూపిరి: రా, య, ప, ట్నం. ఆ నాలుగక్షరములను అతడొకటికి రెండుమారులు చూచుకొని, "దాని కింద ధారావి గూడ రాయుండ్రి" అనెను. వారు నవ్వి అదియు వ్రాసిరి. అస్థికలు నీట కలిసినవి. రాయపట్నపు ఒడ్డున పారు నీరే ఆ నీరు. ఆయన ఎక్కని ఓడ లేకయే ఊరినుండి సముద్రమునకు చేరెను.

సభాసదులారా! మేము తిరిగి వచ్చిన మరుసటి నెలలో, అనగా 2024 మార్చిలో, ధారావి పునర్నిర్మాణమునకై ఇండ్ల సర్వే ప్రారంభమైనది. గోడలపై అంకెలు వేసిరి, కాగితములు చూపుమనిరి. 2000వ సంవత్సరము జనవరి 1వ తేదీకి పూర్వమునుండి ఉన్నట్లు నిదర్శనము కావలెననిరి. ఆ కాగితములు భద్రముగా దాచుకొనుడని మేము వేరుగ చెప్పనక్కరలేదు. అది మన నెత్తిమీది నీడకు సంబంధించిన పని. కాని ఆ కాగితములు మీరిచ్చట ఎప్పటినుండి యున్నారని మాత్రమే అడుగును. ఎచ్చటనుండి, ఏల వచ్చితిరని అడుగవు. ఆ ప్రశ్న అడుగవలసినది మనము. దానికి గడువుతేది వేసినవారు లేరు గాని గడువు మాత్రము ఉన్నది. మన ఇండ్లలోని వృద్ధుల ఆయుర్దాయమే ఆ గడువు.

కావున మా మనవి చిన్నది. ప్రతి కుటుంబమువారును ఒక నోటుపుస్తకము కొనుడు. మొదటి పుటలో ఇంటి పెద్ద పుట్టిన ఊరు, తాలూకా, వచ్చిన సంవత్సరము, వచ్చిన కారణము, మొదట దిగిన గల్లీ వ్రాయుడు. దానిని తెలుగులో వ్రాయుడు. వ్రాయునది పిల్లవాడు కావలెను, చెప్పునది పెద్దవారు కావలెను. వ్రాయరానిచో అక్షరములు నేర్పుటకు అదే మొదటి పాఠమగును. అల్పసంఖ్యాకుల బిడ్డలకు ప్రాథమిక విద్య మాతృభాషలో లభింపజేయవలెనని రాజ్యాంగములోని 350-ఎ అధికరణము 1956నుండి చెప్పుచున్నది. ముంబాయి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమపు పాఠశాలలను నడుపుచు వచ్చినది. మనమే మన పిల్లలను అచ్చటికి పంపుట తగ్గించితిమి. ఇంగ్లీషు బడి బ్రతుకుతెరువునకు అవసరమని మీరన్నచో కాదనుటకు మాకు నోరు రాదు. మా పిల్లలును అచ్చటనే చదివిరి. అయినను తన ఊరిపేరులోని నాలుగక్షరములు గుర్తుపట్టుటకు బడియే కావలెనా? ఇంటి దీపము క్రింద నాలుగు సాయంకాలములు చాలవా?

ఆ మనుమడు ఇప్పుడు ఆదివారమునాడు కామాఠీపురము పోయి ముసలమ్మయొద్ద కూర్చుండి, ఆమె చెప్పునది వంకర అక్షరములతో వ్రాసికొనుచున్నాడు. మొన్న ఆ పుస్తకము మాకు చూపెను. తప్పులున్నవి. 'పడవ' అను మాట మాత్రము తప్పులేకుండ వ్రాసెను.